అద్దానికి ఎదురు కుర్చీ

ఆ కాఫీ హోటల్లో ఒక గోడ నిండా అద్దం. ఎప్పుడూ అతను అద్దానికి ఎదురుగా, ఆమె అద్దానికి వీపు పెట్టి కూర్చునేవారు. ఆ సాయంత్రం ఆమే ముందుగా వచ్చి అతని కుర్చీలో కూర్చుంది.

"అది నా కుర్చీ కదా."

"ఈ పూటకి అటు కూర్చోండి. మాట్లాడాలి."

"సరే, చెప్పు. ఏంటలా గుచ్చి గుచ్చి చూస్తున్నావు?"

"మీరెటు చూస్తారా అని. నా వెనక అద్దం లేకపోయేసరికి మీ కళ్ళకి ఏమీ తోచడం లేదు. గుమ్మం చూశారు, ఫోన్ చూశారు, గోళ్ళు చూసుకున్నారు."

"పిచ్చా నీకు? వచ్చినప్పుడల్లా గంటసేపు నీ మొహమే చూస్తుంటాను."

"నేనూ అలాగే అనుకుని మురిసిపోయాను. మొన్న మా నాన్న ఆపరేషన్ సంగతి చెప్పి ఏడుస్తుంటే, మీరు నా భుజం మీదుగా చూస్తూ కాలర్ సర్దుకున్నారు. ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగాను. అద్దంలో మీరే ఉన్నారు."

"ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా? నోరు మూసుకుని కాఫీ తాగు."

"ఇదిగో, ఈ చూపు. ఎదురు చెబితే మాత్రం నా మొహం కనిపిస్తుంది మీకు. నేను తల దించేదాకా గుడ్లురుముతారు. ఉరమండి. ఈ పూట దించను."

"మెల్లగా మాట్లాడు. అందరూ మనల్నే చూస్తున్నారు."

"చూడనివ్వండి. మీకు ఇష్టమేగా."

"అయితే ఏమంటావు? వచ్చే నెల పెళ్ళి వద్దంటావా?"

"అంటాను. రండి, మీ కుర్చీలో మీరు కూర్చోండి. ఇక మధ్యలో నేను అడ్డం ఉండను."