సబ్బునీళ్లు పోసిన మడి

"చెవిమామా! పని ఆపి ఇలా రావయ్యా!" అని నర్సరీ యజమాని షెడ్డు ముందునుంచి ఒక్క కేక పెట్టాడే, నేను చేతిలో పార వదిలేసి పరిగెత్తాను. మామ అంటే చుట్టమేం కాదు, నేను కూలికెళ్లే ఆ మొక్కల తోటలో పెద్ద పనివాడు. నేలకి చెవి ఆనించి పురుగెక్కడుందో చెప్పేవాడని ఆ పేరు. ఏ పురుగా? కుమ్మరిపురుగే తల్లీ, నువ్వు చూసుండవులే. నీ చిటికెన వేలంత ఉంటుంది, ముందుకాళ్లు అచ్చం పారలు. మట్టిలో సొరంగాలు తవ్వుకుంటూ వేళ్లు కొరికేస్తుంది. పొద్దువాలితే మగది బొరియ నోటిని గరాటులా చెక్కుకుని అందులో కూర్చుని కూస్తుంది, ఆ కూతకి ఆడది ఎగిరొస్తుందట. "పిల్ల కోసం మైకు పెట్టాడే వెధవ!" అని నవ్వేవాడు మామ. నవ్వితే ఎంత బావుండేవాడనీ...

ఏం చెబుతున్నాను? ఆఁ, కేక. టమాటా నారుమడి మొత్తం రెండ్రోజుల్లో తలవాల్చేసింది. "పురుగే కొట్టేసిందండీ" అన్నాను నేను, అందరికంటే ముందు. యజమాని మామ మీద విరుచుకుపడ్డాడు. "పురుగైతే నీ కాపలా తప్పు. కాకపోతే ఇది ఎవరి చెయ్యో తేలాలి. ఇవాళ ఒకరు ఇంటికి పోవాల్సిందే. మడిలో సబ్బునీళ్లు పోసి చూపించు!" అప్పుడు మీ తాత కాలు విరిగి మంచంలో ఉన్నాడు. నా పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

మామ బకెట్ వంచాడు. మామూలు నీళ్లు ఆ పురుగుకి అంటవే, ఒంటినిండా ముఖమల్ లాంటి నూగు. సబ్బునీళ్లకైతే ఆ నూగు తడిసి, ఊపిరాడక నిమిషాల్లో పైకొచ్చేస్తుంది. అందరం మడిచుట్టూ కూర్చున్నాం. నురగ చిటపటమని పగులుతోంది. ఏదీ రాలేదు. యజమాని వాచీ చూసుకున్నాడు. మామ ఒక మొక్క పీకాడు. కొరికిన గుర్తే లేదు, వేళ్ల కొసలు మాడిపోయి ఉన్నాయి. నా మొహంలోకి చూశాడు, ఒక్కసారే. ఆ మొక్కని గుప్పిట్లో నలిపేశాడు. రెండో చెయ్యి, పట్టిన పురుగులు వేసుకునే నడుము డబ్బా దగ్గరికి పోయింది. మట్టి కెలుకుతున్నట్టు వంగి, "అదిగో, వచ్చిందండీ" అన్నాడు.

పురుగే! యజమాని బూటుతో తొక్కి, "సామాను సర్దుకో" అన్నాడు. మామ చేతులు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని గేటు దాటిపోయాడు. మళ్లీ చూడలేదు. ఆ పురుగు ఒంటిమీద చుక్క తడి లేదే, ఇంత నురగైనా లేదు. నాకొక్కదానికే కనబడింది. నోరు విప్పలేదు. మీ తాతకి కూడా చెప్పలేదు.

ఉండు, చెప్పనీ. మడికి పోసే నీళ్లలో యూరియా ఒకసారి కలిపి, ఇంటి ఆలోచనలో పడి మళ్లీ కలిపేశాను. ఆ మడిని మాడ్చింది నేనే తల్లీ.