పెళ్ళికాగితం ఉన్నావిడ

"పేటిక మీంచి చెయ్యి తియ్యి."

"తియ్యను."

"తియ్యమంటున్నానా! బయట బండి ఆగి ఉంది. సాయంత్రం పడవ తప్పిపోతే మళ్ళీ రేపే."

మనీలా పక్కన నవోతాస్‌లో ఒక ఇరుకింటి ముందుగది. క్రిసాంతో అనే ఆయన చనిపోయి మూడో రోజు. శవపేటిక దగ్గర జాగరణకొచ్చిన ఇరుగుపొరుగు చేతిలో పేకముక్కలు పారేసి కిటికీలకు అతుక్కుపోయారు. చెయ్యి తియ్యమంటున్నది మస్బాతే దీవి నుంచి దిగిన అతని పెళ్ళాం, పురిసిమా. తియ్యనంటున్నది పద్దెనిమిదేళ్ళు అతనితో కాపురం చేసిన లిగాయా.

"అక్కా, మీ కాళ్ళు పట్టుకుంటా..."

"ఎవరే నీకు అక్క?"

"సరే, కాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి వచ్చారా? కిడ్నీలు పాడై మంచాన పడితే ఒక్క పూట గంజి పట్టారా?"

"పట్టలేదు."

"మరి ఏ మొహం పెట్టుకుని..."

"పెళ్ళాం మొహం పెట్టుకుని. వార్డు పెద్దని అడిగే వచ్చా. ఎక్కడ పూడ్చాలో చెప్పాల్సింది పెళ్ళాం, ఉంచుకున్నది కాదన్నాడు."

"ఉంచుకున్నదాన్నా! మిమ్మల్ని వదిలేసి ఇరవయ్యేళ్ళయిన మనిషి..."

"వదిలేస్తే? ఈ దేశంలో మనకి విడాకులున్నాయా? వాడు చచ్చినా నేను పెళ్ళాన్నే."

"ఇక్కడే పూడ్చమన్నారు. నా చెయ్యి పట్టుకుని మరీ అడిగారు."

"రాసిచ్చాడా?"

"అదీ..."

"రాసిచ్చాడా లేదా?"

"రాసిమ్మని నేనే అడగలేదు. అడిగితే ఇక రోజులు దగ్గరపడ్డాయనుకుంటారని..."

"పిచ్చిమొహమా."

"రాయి మీద మీ పేరే చెక్కిస్తా. భార్య పురిసిమా అని. నా పేరే వద్దు. ఇక్కడ ఉండనివ్వండి, చాలు."

"జరుగు. కన్నీళ్ళు పేటిక అద్దం మీద పడుతున్నాయి. పోయేవాడికి దారి కష్టమవుతుంది."

"అవి నావి కాదు."

"నీవి కాక..."

"మీవే. చూసుకోండి. ఇన్నేళ్ళు గుర్తురాని మొగుడి కోసం ఇప్పుడు ఏడుపొచ్చిందా?"

"వీడి కోసం ఎవరేడ్చారే!"

"మరెవరి కోసం?"

"బెర్టింగ్ అని... నాతో పద్నాలుగేళ్ళు ఉన్నాడు. పోయినేడు పోయాడు. సెబూ దీవి నుంచి వాడి పెళ్ళాం దిగి శవాన్ని పట్టుకుపోయింది. నీలాగే నేనూ పేటిక పట్టుకుని వేలాడాను. నీలాగే బతిమాలాను."

"అయ్యో! ఆ బాధ తెలిసుండీ నాకు ఇదే చేస్తారా?"

"ఎక్కడ పూడ్చిందో కూడా చెప్పలేదే నాకు! నవంబరు ఒకటిన ఊరు ఊరంతా కొవ్వొత్తులూ అన్నం గిన్నెలూ పట్టుకుని తమవాళ్ళ సమాధుల దగ్గరికి పోతే, నేనొక్కదాన్నే తలుపేసుకుని కూర్చున్నా. ఎవడిదైతేనేం, నా ఊళ్ళో నాకూ ఒక సమాధి కావాలి."