మూడా, ఎనిమిదా?

అయ్యో, ఆయన చదివింది నమ్మకండి డాక్టరమ్మగారూ! ఆ గోడ మీది అక్షరాలు మా ఆయనకి కనపడితేగా! ముందు లోపలికొచ్చిన పెద్దావిడ గట్టిగా చదువుతుంటే, బయట బెంచీ మీద కూర్చుని విని కంఠతా పట్టేశాడు. పైనుంచి కిందిదాకా గడగడా అప్పజెప్పలేదూ? ఆ ఆఖరి వరుస మీరైనా తడుముకోకుండా చదవగలరా చెప్పండి!

ఆ తలుపు కాస్త వెయ్యండి. చుక్కల మందు వేసి పక్క గదిలో కూర్చోబెట్టారు గానీ, చెవులు మాత్రం దివ్యంగా పనిచేస్తాయి.

అసలిక్కడికి ఎలా తెచ్చాననుకున్నారు? నా కళ్ళకని చెప్పి! "నీ కళ్ళకేమొచ్చిందే, రోజంతా కాగితమేగా చూసేది" అని దారి పొడుగునా సణుగుడే. ఇక్కడికొచ్చాక చీటీ ఆయన పేరున రాయించాను.

మా పనేమిటా? అక్కడికే వస్తున్నానండీ. భూమి అన్నిచోట్లా ఒకేలా లాగదు. కింద గట్టి రాయి ఉంటే ఓ పిసరు ఎక్కువ, డొల్లగా ఉంటే ఓ పిసరు తక్కువ. ఆ పిసరుని కొలిచే పెట్టె ఒకటుంది, లోపల సన్నటి స్ప్రింగు. నేల మీద పెట్టి, మట్టం సరిచేసి, గొట్టంలోకి ఒంటికన్నుతో చూస్తూ మర తిప్పాలి. వెంట్రుకంత గీత వచ్చి గుర్తు మీద ఆగాక, అప్పుడు డయల్ మీద అంకె చదవాలి. పక్కన ఎవరైనా తుమ్మితే చాలు, గీత గంతులేస్తుంది. చూడ్డం మా ఆయన పని, రాయడం నా పని. పన్నెండేళ్ళుగా ఆయన కేక, నా రాత.

రాశాక సవరణలు. ఎత్తు మీదుంటే ఒకటి, పక్కన కొండ ఉంటే ఒకటి, సాయంత్రానికి స్ప్రింగు సాగినందుకు ఒకటి. నవ్వకండి, చంద్రుడు పైకి లాగుతున్నాడని దానికీ ఒకటి! అన్నిటికీ కాలమ్ ఉంది. మొగుడి కళ్ళకే లేదు.

నిరుడు ఎండాకాలం, పెద్ద ఆసుపత్రి కట్టబోయే స్థలంలో కొలుస్తున్నాం. ముప్పై రెండో పాయింటు దగ్గర ఈయన ఎనిమిదిని మూడన్నాడు. నేనూ మూడే రాశాను. లెక్కకట్టి గ్రాఫు గీస్తే అక్కడ ఇంత గుంట! మా చీఫ్ ఎగిరి గంతేశాడు. "కింద గుహ ఉందమ్మా, పట్టేశాం!" అని. ఇంకోసారి కొలుద్దాం సార్ అన్నాను. "మీ ఆయన చూశాక మళ్ళీ కొలవడమా?" అన్నాడు. రిగ్గు వచ్చింది. మూడు రోజులు తవ్వింది. గుహ కాదు కదా, ఎలక కన్నం కూడా లేదు.

చీఫ్ పెట్టెని తిట్టాడు. మా ఆయన స్ప్రింగుని తిట్టాడు. ఏమన్నా పడుంటుందిగా, పాపం!

పెట్టెని పరీక్షించి రమ్మని మమ్మల్ని మళ్ళీ అదే పాయింటుకి పంపారు. ఈయన మళ్ళీ "మూడు" అని కేకేసి, టేపు పట్టుకుని ముందుకెళ్ళాడు. పెట్టె సర్దడం నా వంతు. మూత వేస్తూ డయల్ చూశాను. శుభ్రంగా ఎనిమిది. ఇంత లావు ఎనిమిది!

ఇంటికెళ్ళాక మెల్లగా కదిపాను. "నా కళ్ళు పోయిన రోజు నేనే చెప్తాలే" అని విసురుగా లేచి, కుర్చీకి గుద్దుకున్నాడు. కుర్చీని తిట్టాడు.

అప్పట్నుంచి ఆయన కేకేసినదానికి 'ఊఁ' అంటాను. ఆయన అటు వెళ్ళగానే వంగి, మర తిప్పి, నేను చూసిందే రాస్తాను. తొమ్మిది నెలలు! ఆమధ్య చీఫ్ వేరే మనిషిని పంపి ఇరవై పాయింట్లు మళ్ళీ కొలిపించాడు. అచ్చు గుద్దినట్టు కలిశాయి. మీటింగులో అందరి ముందూ మా ఆయన భుజం తట్టి "గద్ద చూపయ్యా నీది" అన్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను. ఏం చెయ్యను?

ఇదిగో, ఇప్పుడొచ్చి పడింది. సోమవారం నుంచి డ్యాం కట్టబోయే చోట సర్వే. ఈయన్ని వెళ్ళమన్నారు. నన్నేమో ఆఫీసులో సవరణలకి వేశారు. పక్కన రాసేది ఎవరో కొత్తగా చేరినావిడ. చెప్పింది చెప్పినట్టు రాస్తుంది, ఆవిడ తప్పేముంది? ఈసారి మూడుని ఎనిమిదంటేనో? కింద డొల్ల ఉన్నా కాగితం మీద గట్టి రాయే. దాని మీద డ్యాం లేస్తుంది. డ్యాం కింద ఊళ్ళుంటాయి కదండీ! అందుకే ఇవాళ ఎలాగోలా లాక్కొచ్చాను.

ఏమిటీ? కళ్ళలో శుక్లాలు ఇంత ముదిరేదాకా ఎందుకు ఊరుకున్నాననా?

మొండి మనిషండీ, మాట వినడు. అదీ నిజమే. కానీ...

సరే, చెప్పేస్తున్నాను, ఆయనతో అనకండి. ఆ ఒక్కసారి తప్ప మళ్ళీ నేను అడగనే లేదు. మొదటి వారం ఆయన పరువు కోసమే చేశాను, ఒట్టు. తర్వాత... ఆ గీత కదిలి కదిలి వచ్చి గుర్తు మీద ఆగుతుంది చూడండి, ఆ క్షణం నాకు ఊపిరాడదు. పన్నెండేళ్ళు ఆ పెట్టె మోశాను. "మర ముట్టుకోకు, నీ చేతికి కుదురు లేదు" అనేవాడు. కుదురు లేని చేత్తోనేగా గద్ద చూపు అనిపించుకున్నాడు! ఈయన కళ్ళు బాగైతే నాకు మళ్ళీ కాగితాలే. అందుకే చొక్కా తిరగేసి తొడుక్కుంటే సరిచేశాను, మెట్టు తప్పబోతే చెయ్యి పట్టుకున్నాను. ఆసుపత్రి మాట మాత్రం ఎత్తలేదు. కట్టుకున్నది చెయ్యాల్సిన పనేనా అది?

పొద్దున చీఫ్ దగ్గరికెళ్ళి మొత్తం కక్కేశాను. ఆ రీడింగులన్నీ నావేనని. చీఫ్ అప్పటికప్పుడు రీడింగు పుస్తకాలన్నీ తెప్పించి తిరగేశాడు. చివరికి "సోమవారం పెట్టె నువ్వే తీసుకెళ్ళు" అన్నాడు. మా ఆయనకింకా తెలీదు. మీరు ఆపరేషన్ చేసి కట్టు కట్టాక చెప్తాను. అప్పుడైతే వెంటపడి పరిగెత్తలేడు.

"మరి కోలుకున్నాక ఆయనకేం పని ఇవ్వమంటావు?" అని కూడా అడిగాడు చీఫ్.

నా పక్కన రాసే పని ఇవ్వండి సార్, అన్నాను.

కాబట్టి డాక్టరమ్మగారూ, కాగితం మీద రాసుకునేంత చూపు తెప్పించండి చాలు. అంతకుమించి తొందరేమీ లేదు.