దోసెడు నూకల పిల్ల

ఎదురింటికి తాళమెందుకు ఉన్నదని అడుగుతున్నవా ప్రణీతూ? కిరాయికి దొరుకుతదేమోనని నీ ఆశ. కూసో, రెండు ముక్కల్ల చెప్త, ఛాయ్ సల్లారేలోపల అయిపోతది. అది శ్రవణ్‌కుమార్ ఇల్లు. గుడిమల్కాపూర్ మార్కెట్ల బంతిపూల హోల్‌సేల్ దుకాణం ఉండె. మనిషి పోయి పదేండ్లాయె. పూలోళ్ల ఇల్లంటే గల్లీ అంత ఘుమఘుమ అనుకుంటవు గని, బంతిపూలది ఘాటే గని ఘుమఘుమ ఏడిది, మురిగితే కంపే. ఒకసారి మా ఛత్రినాక బోనాలకు పూలన్నీ ఈయననే ఇచ్చిండు. కమిటీ ఎల్లప్ప మైకుల పేరు చదువుడు మర్చిపోయిండు. గంతే, మర్నాడు పొద్దుగాల నిచ్చెనేసుకొని దండలన్నీ ఊడబీక్కపోయిండు. గసోంటి మనిషి. ఎవ్వరి మీద నమ్మకం లేదు. తాళంచెవి ఉన్నదా లేదా అని గంటకోసారి జేబు తడుముకునేటోడు. ఆఁ, ఏం చెప్తున్న? తాళం.

గాయన చేసుకున్నది నేపాల్ పిల్లను, సోనీని. మార్కెట్ల కాపలా ఉండే ముసలాయన మేనగోడలు, దండలు గుచ్చనీకి వచ్చింది. శ్రవణ్ తల్లి రుక్మిణమ్మ మూడు దినాలు అన్నం ముట్టలే. "మనోళ్లల్ల పిల్లలు కరువైన్రారా" అని ఒకటే లొల్లి. నాలుగో దినం కోడలు చేసిన ఆలుగడ్డ కూర తిని "ఉప్పెక్కువైంది" అన్నది. అంటే ఒప్పుకున్నట్టే. ఇగ సోనీకి మొదటి రెండు కాన్పులు దక్కలే. ఒక బిడ్డ పదకొండు దినాలు, ఇంకొకటి నెల. మూడోసారి ఇంట్లనే మంత్రసాని చేతిల ఆడపిల్ల పుట్టంగనే ముసలామె పాత పద్ధతి పట్టింది. బిడ్డను చాటల పండవెట్టి గల్లీ మలుపుకాడ చెత్తకుప్ప మీద పెట్టిచ్చింది. ఎవరన్న తీస్కొని, నూకలిచ్చి కొనాలె. అప్పుడు బిడ్డ పరాయిదైతది, యముడు మోసపోతడు. నిజానికి పిల్లలున్న తల్లి కొనాలె. నేపాలోళ్ల బిడ్డ అని గల్లీల ఒక్కతి కదల్లే, అందరికి అప్పుడే వంటింట్ల పని యాదికొచ్చింది. మా ఇంటామె కాశమ్మ పోయింది. మాకు పిల్లల్లేరు. దోసెడు నూకలిచ్చి కొన్నది. కొన్నోళ్లు మల్ల తల్లికే ఇస్తరు, "మా బిడ్డను జర సాదుమ్మా" అని. ఆట లెక్క. కాశమ్మ గూడ ఇచ్చింది. కాకపోతే జర సేపు ఎత్తుకొని నిలవడి ఇచ్చింది.

రుక్మిణమ్మకు గంతతోని సాలలే. పుట్టిన సర్టిఫికెట్ రాయించేటప్పుడు తల్లి కాశమ్మ, తండ్రి అంజన్న అని రాయించింది. అంజన్న అంటే నేనే. "ఏంది పెద్దమ్మా, యముడు రిజిస్టర్ చూస్తడా?" అన్న. "చూస్తే?" అన్నది.  బిడ్డ బతికింది, ముసలామె పోయింది, బడిల గూడ మా పేర్లే ఎక్కినయి. కాయిదం బీరువల ఉండిపాయె.

బిడ్డకు తొమ్మిదేండ్లప్పుడు మొగడు పెండ్లాం చెడ్డరు. తప్పెవరిదంటే గల్లీల ఇంటికో తీర్పు చెప్తరు, నన్నడగకు. విడాకుల కేసు పడ్డది. ఒకనాడు సోనీ కోపంల "నా బిడ్డను తీస్కొని మా ఊరికి పోత" అన్నది. శ్రవణ్ మొఖం తెల్లవడ్డది. నేపాల్ పోవుడుకు పాస్‌పోర్ట్ అక్కర్లేదు గదా. రైలెక్కితే రెండు దినాలు, బార్డర్ దాటినంక మన కోర్టు మాట ఎవడింటడు? బిడ్డంటే ఆయనకు పానం. దినాం మార్కెట్ నుంచి రాంగనే దాని జడల ఒక బంతిపువ్వు పెట్టేటోడు. అది తుమ్మేది, ఈయన నవ్వేటోడు. ఆయన నవ్వంగ నేను చూసింది గదొక్కటే.

వకీలు సోమశేఖర్ మంచిగ చెప్పిండు. "ఫికర్ చెయ్యకు. కోర్టును అడగకుండ బిడ్డను ఊరు దాటియ్యొద్దని ఆర్డర్ తెస్త. వారంల కొన్ని దినాలు నీకాడ, కొన్ని దినాలు తల్లికాడ. బిడ్డ ఇద్దరిది, గంతవరకు చాలు" అన్నడు. ఈయనకు సాలలే. తల్లి పోలిక. బీరువల కాయిదం యాదికొచ్చింది. వకీలుకు గూడ చూపియ్యలే, ఆయన మీద గూడ నమ్మకం లేదు మరి. జేబుల పెట్టుకపోయి నిండు కోర్టుల తీసిండు. "సారూ, ఇందుల తల్లి పేరు సోనీ కాదు, చూడున్రి, ఆమెకు హక్కేడిది?" అన్నడు. జడ్జి సారు చదివిండు, కండ్లద్దాలు తుడుచుకొని మల్ల చదివిండు. "సోనీ కాదు, నిజమే. మరి నీ పేరేదయ్యా?" అన్నడు. సోమశేఖర్ నెత్తి పట్టుకున్నడు.

తర్వాత శ్రవణ్ ఎక్కువ దినాలు లేడు. రక్త పరీక్ష అన్నరు, మూడు నెలలకు తారీకిచ్చిన్రు, అప్పటిదాంక బిడ్డ కాయిదంల ఉన్నోళ్లకాడ ఉండాలన్నరు. తారీకు రాకముందే మార్కెట్ల పూలమూటల మీద కూలిండు. కేసు ఆయనతోనే పాయె. సోనీ ఒకసారి వచ్చి మా తలుపు కొట్టింది. "దీదీ, దీదీ" అని పిలిచింది. కాశమ్మ తలుపు తియ్యలే. నేను లోపలనే కూసున్న. బిడ్డ కాయిదాలల్ల ఆమె పేరేడ లేదాయె, ఎవరికి చెప్పుకుంటది? చానసేపు కొట్టి పోయింది. ఇప్పుడేడున్నదో తెల్వది. ఆ ఇంటికి వచ్చేటోళ్లు లేక తాళం అట్లనే ఉన్నది.

ఎందుకు తియ్యలేదంటవా? ఆనాడు కోర్టుల జడ్జి సారు మా ఇద్దర్ని గూడ పిలిపిచ్చిండు. "ఈ బిడ్డ నీదేనా అమ్మా?" అని కాశమ్మను అడిగిండు. అది ఆచారం సారూ, బిడ్డ వాళ్లదే అంటదని అందరనుకున్నరు. శ్రవణ్ అనుకున్నడు, సోనీ అనుకున్నది, నేను గూడ అనుకున్న. "నాదే సారూ, కొనుక్కున్న" అన్నది. సారు నా దిక్కు చూసిండు.

నేను గూడ అవునన్న.

మెల్లగ, గేటు సప్పుడైంది. మా ఆశ్రిత కాలేజీకెల్లి వచ్చినట్టున్నది. ఛాయ్ సల్లారింది, తాగు. ఈ గల్లీల నీళ్లు దినం తప్పి దినం వస్తయి, ముందే చెప్తున్న.