లెక్కలోకి రాని తిండి

హలో… ఆ, నేనే. పార్థసారథినే. ఆళ్లగడ్డకు ట్రంకు కాల్ అడిగినోన్ని నేనే… నంద్యాల్లోనే, డాక్టరు ప్రభుదాసు గారింటి ఫోను… కలపప్పా. పొద్దన్నుంచి ఈడ్నే కూర్చోనుండా.

…

హలో… శేషయ్యన్నా? గట్టిగ మాట్లాడన్నా, బాయిలోనుంచి వచ్చినట్లుంది… ఆ, బాగుండాం. మా అన్న వచ్చినాడా?… మీ మండీ అరుగు మిందనే ఉండాడా? లోపలికి రమ్మను… ఎందుకు రాడు?… ఏందీ, ఫోనును అందరూ నోటి దగ్గర పెట్టుకుంటారనా?… సరే, పై గుడ్డ చుట్టి పట్టుకోమను… ఆ, చుట్టుకోనీ. కాచుకుంటా.

…

అన్నా?… అన్నా, తలకిందులుగ పట్టుకోనుంటావు. తిప్పు… ఆ. ఇప్పుడు వినపడతాండావు.

బాగుండా. నువ్వు చెప్పు… లే, ముందు నేనే చెప్తా. నువ్వు మొన్న బస్సులో పంపించిన సీసా అందింది… భద్రంగనే తెచ్చినాడు డ్రైవరు. అయ్యగారు పంపించినారు గదా, ఏదో తీర్థమనుకోని పక్కన గుడ్డేసి కూర్చోబెట్టి తెచ్చినాడంట… నవ్వు. నాకు రాలే.

డాక్టరు గారు దాన్ని నీలం మందులో పోసి కాచినాడు, నా ముందరే. మూత్రంలో చక్కెర లేకుంటే నీలంగనే ఉండాల. రవ్వంత ఉంటే పచ్చగ తిరుగుతాది… నీది ఇటుక రంగు తిరిగింది… ఇటుక అన్నా… ఆ, పోయినసారి కంటే ఎక్కువే.

…

నేనూ అదే చెప్పినా. మా అన్న ఒకసారి పథ్యానికి ఒప్పుకుంటే మాట తప్పే మనిషి కాదని చెప్పినా. ఇంట్లో ఎవరన్నా జాలిపడి పెడతాండారేమో అన్నాడాయన. మా వదిన పోయినంక ఆ ఇంట్లో పెట్టేదానికి ఎవరుండారు సార్ అన్నా.

…కోప్పడొద్దు. నిన్ను దొంగ అనలేదు. సరే, నువ్వే చెప్పు. పొద్దన ఏం తాగుతాండావు?

…రాగిజావ. మజ్జిగ పోసుకోని. ఉప్పు కొంచెమే… ఊ. మధ్యాన్నం?… కొర్రన్నం, తోటకూర… నెయ్యి?… మానేసినావా… రాత్రికి జొన్నరొట్టె. బెల్లం ముట్టడంల్యా… నిద్ర?… పడతాంది. సరే.

నేనా? నా సంగతెందుకు ఇప్పుడు… నడుస్తాండాలే, స్కూలు దాకా… సైకిలు మిందనే… ఆ, అది నడక కాదు. కాఫీ తాగుతాండా. చక్కెరేసుకోనే. నువ్వే గెలిచినావు, చాలా?

నీ నడక చెప్పు… మూడు పూటలా? అంత నడవమనలేదే… యాడ నడుస్తాండావు?… గుళ్లోనా. ప్రదక్షిణాలు.

…

లే, తప్పేం లేదు. ఆలోచన చేస్తాండా.

అన్నా, గుడికి మూడు పూటలూ పోతాండావు గదా… నైవేద్యం అయినంక ఇప్పుడు ఏం పెడతాండారు ఆడ?… పొద్దన పొంగలి. ఊ… మధ్యాన్నం పులిహోర… శుక్రవారం చక్కెర పొంగలి… రాత్రి దద్ధ్యోజనం.

తింటాండావా?

…

పెట్టినంతా?

…

మరి నేను ఇంతసేపు అడిగితే అది చెప్పలేదే?… ఆ, తిండి గురించే అడిగినా. అది తిండి కాదు… ఊ.

…

నేను నవ్వడంల్యా. ఈడ పక్కన కాంపౌండరు నవ్వుతాండాడు. నేను కాదు.

డాక్టరు గారు కిరస్తానం మనిషి, ఆయనకు తోచకపోతే సరే. ఆ గుళ్లోనే పుట్టి పెరిగినోన్ని, నాకన్నా తోచాల గదా… ప్రసాదమే అన్నా. కాదన్నదెవరు? కానీ అందులో ఉండే బియ్యం బియ్యమే. ఆ బెల్లం కడుపులోకి పోయినంక, తాను యాడ్నుంచి వచ్చిందో దానికి… సరే. సరే, ఆ మాట అనను.

ఒక పని చెయ్యి. చేతిలోకి తీసుకో. కండ్లకద్దుకో. ఒక్క మెతుకు నోట్లో ఏసుకోని మిగతాది పక్కనోళ్లకు ఇచ్చెయ్యి… ఎందుకు కాదు?

…ఆ. ఆ, తెలుసు. ప్రసాదంలో మొదటి పిడస మన ఇంటిది. ముందు నాయన చేతిలో పెడతాండ్రి, నాయన పోయినంక నీ చేతిలో. తెలియకేం… అందరి ముందర నిలబడి తినాల… దేశికాచారి చూస్తాంటాడా? ఆయన ఇంకా ఆ వంతు మాది అంటానే ఉండాడా?… చిన్నాయన కొడుకే గదా అన్నా, పులేం కాదు… సరే. నువ్వు ఈ పొద్దు పక్కకిస్తే, రేపు ఆయన ముందుకొచ్చి చెయ్యి చాపుతాడు. అర్థమైంది.

శేషయ్యన్న వెనకనుంచి ఏమో అంటాండాడు… కాలా? ఎవరి కాలు?

…

అన్నా. నువ్వు చెప్తావా, ఫోను ఆయనకిస్తావా?

…బొటనేలు కింద… బొబ్బ. ఎట్లయింది?… మధ్యాన్నం పూట, ఉత్తకాళ్లతో, ఆ బండల మింద… నడవమన్నారు గదా అని నడిచినావు. ఊ. నడవమన్నది మేమే.

ఇప్పుడు పుండయిందా?… చుట్టూ ఏం రంగుంది?… నల్లగనా. వాసన?… నీకు రాదులే. శేషయ్యన్నకు వస్తాందంటనా?

నొప్పి?… అస్సలు ల్యా?

…అదేదో మంచి వార్త మాదిరి చెప్తాండావు. నొప్పుంటే నాకు ఇంత భయం లేదు. ఈ జబ్బు ముదిరితే కాలికి తెలివి పోతాదంట. కాలినా తెలియదు, కోసినా తెలియదు. దినామూ పాదాలు కడిగి, ఆరదుడిచి, కింద చూసుకోమని జాబులో రాసినా గదా… పాదాలు చూసుకునేదేముంది అనుకున్నావా. ఊ.

ఉండు. పెట్టొద్దు. లోపల ఆయన్ను అడిగొస్తా.

…

అన్నా, ఉండావా?… ఈ దినమే రమ్మంటాండాడు. రేపు కాదు… ఈ దినం వస్తే వేలుతో పోతాదేమో అంటాండాడు. ఆలస్యం చేస్తే పాదం… ఆ, తీసెయ్యడమే. మెల్లగ చెప్పేదానికి నాకు వేరే మాట తెలియదు.

…

బ్రహ్మోత్సవాలా? రేపట్నించేనా… అవి అయినంక వస్తావు.

…

ఆ, ఆపరేటరప్పా, పొడిగించు. మాట్లాడుతాండాం, తెంపొద్దు.

…

అన్నా, నాకు అరిచే ఓపిక ల్యా. ఒక మాట అడుగుతా. శేషయ్యన్న పక్కనుండాడని మొగమాటపడొద్దు. ఊ అను, లేకుంటే లేదను, చాలు.

నీకు ఆ పిడస మింద ఆశ ల్యా. చిన్నప్పుడు నీ వంతుది కూడా నాకే పెడతాంటివి. నాకు తెలుసు… ఊ. దేశికాచారి మింద పంతం కూడా కాదు. ఉంది, కానీ కాలు పోగొట్టుకునేంత లేదు… మరేంది?

…

చెప్పు. వింటాండా.

…

పిడస పెట్టే ముందర నిన్ను ఇంటిపేరుతో సహా పిలుస్తారు… ఊ. గట్టిగ, మంటపమంతా వినపడేట్లు.

…

మిగతా పొద్దంతా ఎవరూ పిలవరు.

…

లే, లైను బాగానే ఉంది. ఉండా.

…వదిన ఉన్నప్పుడు వడ్డిస్తా ఇంకొంచెం, ఇంకొంచెం అంటాంటిది. నువ్వు చాలు చాలు అంటాంటివి… ఇప్పుడు నీకు నువ్వే పెట్టుకోని, నీకు నువ్వే చాలనుకుంటాండావు. కొర్రలెంత, కూరెంత, మజ్జిగెంత, అన్నీ రాసి పంపించినా. ఎవరు పెట్టాలో నేను రాయలేదు.

…

మా ఇంటికి వచ్చి ఉండమంటే రావు… ఆ, నీ మరదలు పుండరీకవల్లి బాగానే చూసుకుంటాది. కానీ నిజమేలే. ఈడ ఎవరి పనిలో వాళ్లుంటాం. భోజనానికి రమ్మని లోపల్నుంచి గిన్నె చప్పుడు చేస్తే నేనే లేసి పోతా. నన్నూ ఎవరూ పేరు పెట్టి పిలవరు.

…

సరే, ఇట్ల చేద్దాం. ఇంకాసేపటికి మధ్యాన్నం నైవేద్యం అవుతాది గదా. పో. పిలిపించుకో. చెయ్యి చాపు. తినొద్దు. ఆకులో కట్టుకోని మూడు గంటల బస్సెక్కు. నేను తింటా.

…ఆ, నేనే.

…నమ్మకం లేదు. అబద్ధమెందుకు? పిలకా లేదు. నోరుంది గదా.

…ఎవరన్నా అడిగితే తమ్మునికని చెప్పు. దేశికాచారి అడిగినా అదే చెప్పు… ఎగతాళి కాదన్నా. కూర్చోని తింటా, నీ ముందరే. ఒక్క మెతుకు కింద పడనీయను.

…రేపట్నించి? రేపట్నించి దేశికాచారే. ఆ… ఆయన పేరే పిలుస్తారు.

…మళ్ళా నీకు వస్తాదని చెప్పలేనన్నా. రాకపోవచ్చు. నిన్ను ఏమార్చి బస్సెక్కించే మాట నేను చెప్పను.

…

…

ఏందీ?… వినపడలే… వస్తా అంటివా?

…మళ్ళా ఒకసారి అను… ఊ. సరే.

కాలికి తడి తగలనీయొద్దు. ఉతికిన గుడ్డ మెత్తగ చుట్టు. పసుపూ సున్నమూ ఏదీ పూయొద్దు. చెప్పులేసుకో, గుడి వాకిలి దాకా అన్నా. నడవొద్దు, బండి కట్టిస్తాడు శేషయ్యన్న… అన్నా?

అన్నా?

…

శేషయ్యన్నా. ఫోను నీకిచ్చి దిగేసినాడా… బండి కట్టించన్నా, ఆయన నడవకూడదు… అప్పుడే పోయినాడా? ఎట్లా పోతాండాడు, గుడి పక్కకేనా?… అది సరే. నేనే పొమ్మంటి.

కుంటుతాండాడా?… మళ్ళా చూడు.

…కుంటడంల్యా. ఏమీ లేనోని మాదిరి పోతాండాడు.

…ఊ.

నువ్వు ఆయన వెనక పోన్నా, బండి తీసుకోని. గుడి వాకిట్లోనే నిలబడు. బయటికి వస్తూనే ఎక్కించు, బట్టలకని ఇంటికి కూడా పోనీయొద్దు. ఈడ నా పంచెలుండాయి… చేతిలో ఆకుందా లేదా చూడు. లేకుంటే…

లేకున్నా ఎక్కించు. ఒక్క మాట అనొద్దు ఆయన్ను. దోవలో పేరు పెట్టి పిలిచి మాట్లాడు, అంతే… ఫోను పెట్టెయ్యొద్దన్నా. పక్కన పెట్టి పో.

…

…

ఆ, ఆపరేటరప్పా… లే, అయిపోలేదు… మాట్లాడటంల్యా. ఆ పక్క ఎవరూ లేరు… మండీలో ఎవరో గోతాలు ఈడుస్తాండారు, అది వినపడతాంది… ఉండనీ. తెంపొద్దు.

కాచుకోనుంటా.