భుజం పట్టీ

అది చాక్లెట్లు తయారుచేసే చిన్న కార్ఖానా. గింజలు ఏరే బల్ల దగ్గర యజమాని, అతని అక్క నిలబడి ఉన్నారు. కొత్తగా వచ్చిన కోకో బస్తా విప్పితే, గింజల మధ్యలోంచి ఒక గుడ్డసంచీ బయటపడింది.

"ఏం సంచీ అక్కా ఇది?"

"కోకో తోటలో కాయలు మోసేదిరా. చూసుకోకుండా బస్తాలో పడేసినట్టున్నారు. ఏదీ, ఆ పట్టీ నీ భుజానికి తగిలించుకో."

"మోచెయ్యి దాటడం లేదే!"

"మీ చిన్నదానికైతే సరిపోతుంది."

"దానికి ఎనిమిదేళ్ళే కదక్కా."

"నేననేదీ అదే."

"పనిలో పిల్లల్ని పెట్టలేదని తోటవాళ్ళు కాగితం రాసిచ్చారు."

"ఆ కాగితం నేనూ చదివాను. ఇప్పుడు నువ్వు ఈ కుట్లు చదువు. రెండుసార్లు విప్పి పొడుగు చేశారు. అమ్మ ఏటేటా నా స్కూలు గౌను అంచు విప్పేది, గుర్తుందా? అచ్చం అలాగే."

"ఎల్లుండికి సరుకు పంపకపోతే పరువు పోతుందక్కా. ఈసారికి కానిచ్చేద్దాం, తర్వాత వాళ్ళని నిలదీద్దాం."

"పోతే పోనీ. ఇందులో ఒక్క గింజ కూడా నేను వేయించను. కావాలంటే నువ్వే వేయించుకో."

"ఎందుకక్కా అంత పంతం?"

"పంతమా? ఆ పట్టీ కొస పట్టుకుని చూడు."

అతను వేళ్ళతో తడిమి చూశాడు.

"లోపల ఇంకా మడత ఉంది."

"ఎంతుంది?"

"ఇంకో రెండేళ్ళు ఎదిగినా సరిపోయేంత."

అతను బస్తా మూతి మళ్ళీ కట్టేశాడు.

"పొయ్యి ఆర్పెయ్యక్కా. ఈ సంచీ తీసుకుని తోటకి నేనే వెళ్తాను."

"ఎప్పుడురా?"

"ఈ మడత విప్పేంతగా ఆ బిడ్డ ఎదగకముందే."