ఎర్రమిట్ట ఎక్కించిన మేస్త్రి

అధ్యక్షస్థానంలో ఉన్న బడిపంతులు గారికి, మా బస్సు యజమాని కిష్టయ్య సావుకారు గారికి, వీపనగండ్ల నుంచి, నాగర్‌కర్నూలు నుంచి మా బస్సులోనే బయలుదేరి, దారిలో ఎక్కడా దిగి నెట్టకుండా ఈ వనపర్తి షెడ్డుకు చేరుకున్న పెద్దలకు, అన్నలకు, అక్కలకు డ్రైవరు కురుమూర్తి నమస్కారాలు. (నవ్వులు)

మెడనిండా బంతిపూలతో కూర్చున్న మా అనంతయ్య మేస్త్రికి కూడా నమస్కారం. ఈ మధ్య ఆయనకు ఎవరి మాటా వినబడడం లేదు. వినబడకపోవడం వల్లనే ఈ సభ. చెవులు పోయిన మనిషి ఇంజన్ల దగ్గర ఉంటే ప్రమాదమని సావుకారు గారు ఆయనకు శాలువా కప్పి ఇంటికి పంపుతున్నారు. వీడ్కోలు మాటలు నన్ను చెప్పమన్నారు. నాకు మాత్రం చెప్పాలని లేదు. పంపవద్దని అడగడానికే లేచాను. పంతులు గారు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి.

మీకందరికీ తెలుసు, యుద్ధం వచ్చి పెట్రోలు కరువై, మన బస్సు వెనక ఒక బొగ్గు పొయ్యి తగిలించి, ఆ పొగతోనే నడపమన్నప్పుడు, అది నడిచేది కాదు, మూలిగేది. చదును మీద ఎట్లాగో పోయేది గానీ, దారిలో ఎర్రమిట్ట ఎత్తు కనబడగానే ఎవరూ చెప్పకుండానే జనం దిగేవారు, మగవాళ్ళు కండువాలు నడుముకు చుట్టి వెనక చేయి వేసేవారు, ఆడవాళ్ళు ముందు నడిచి చెట్టు కింద కూర్చుని మా కోసం ఎదురుచూసేవారు. ఇది చూసి మేస్త్రికి సిగ్గేసింది. బండి నాది, నెట్టేది వాళ్ళా అని రెండు రోజులు సరిగా తినలేదు.

ఇంజనులో కింది భాగం బ్లాకు, పిస్టన్లు ఆడేది అందులోనే. దాని మీది మూత హెడ్డు. మూత లోతు తక్కువైతే లోపలి గ్యాసు గట్టిగా నలుగుతుంది, నలిగితేనే బొగ్గు గ్యాసుకు బలం. ఇదంతా నాకు మేస్త్రి కుండ మీద చిప్ప బోర్లించి చెప్పాడు. నాకు అర్థమైంది చిప్ప వరకే. (నవ్వులు) ఎవరో దొరగారు మూలన పడేసిన కారు నుంచి హెడ్డు ఊడదీసి, మా బస్సుకున్న లారీ బ్లాకు మీద పెడతానన్నాడు మేస్త్రి. ఊరంతా నవ్వింది. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను, "ఎద్దుకు మేక తలకాయ పెడ్తవా మేస్త్రీ, అది అంబా అంటదా, మే అంటదా?" అన్నాను. "మిట్ట ఎక్కినంక నువ్వే అంటవు తియ్యి" అన్నాడాయన.

బోల్టులు సరిపోయాయి. నీళ్ళు తిరిగే రంధ్రాలు రెండు మాత్రం సరిపోలేదు. ఆయన వాటిని పూడ్చి, వేరే చోట తొలిచాడు. ఇక గ్యాసు బయటికి పోకుండా హెడ్డుకూ బ్లాకుకూ నడుమ రాగిరేకు కావాలి. అప్పుడు రాగి దొరికే కాలమా? అదిగో, ముందు వరుసలో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నదే అలివేలమ్మ వదిన, పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగిబిందె తెచ్చి భర్త ముందు పెట్టింది. "నీళ్ళు కుండల తెచ్చుకుంట. నువ్వైతే కడుపునిండ తిను" అన్నది. ఆ బిందెను కోసి, సాపు చేసి, పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే రాగి మెత్తబడింది. ఆ రేకే నడుమ పెట్టి బిగించాడు.

మొదటిరోజు ఎర్రమిట్ట దగ్గర నేను అలవాటు కొద్దీ బండిని మెల్లగా చేశాను, జనం అలవాటు కొద్దీ బిలబిలమంటూ దిగారు. పక్కనున్న మేస్త్రి నా తొడ మీద ఒక్కటి చరిచి, "ఆపకు, పోనియ్యి" అన్నాడు. పోనిచ్చాను. అయ్యా, అది మిట్టను మిట్ట అనుకోలేదు. ఆ సంబరంలో నేను వెనక్కి చూడలేదు, మేస్త్రీ చూడలేదు, ఇద్దరం చిన్నపిల్లల్లాగా అరుచుకుంటూ రెండు మైళ్ళు పోయాక చూస్తే బస్సులో ఎవరూ లేరు, ఈరమ్మ సీతాఫలాల గంప తప్ప. (చాలాసేపు నవ్వులు) తిరిగి వెళ్ళేసరికి ఈరమ్మ దారికి అడ్డంగా నిలబడి ఉంది. "నూకనీకె మేం గావాలె, నడ్సినంక మేమొద్దా? నా గంపకున్న ఇలువ నాకు లేకపాయె" అన్నది. ఆ తర్వాత కూడా నెలరోజులు జనం నమ్మక, ఎర్రమిట్ట రాగానే దిగిపోతూనే ఉన్నారు, మేం బతిమాలి ఎక్కించుకునేవాళ్ళం.

ఇప్పుడు నవ్వకండి, నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. మొన్న మేస్త్రి అంగీ చేయి ఇంజను ఫ్యానులో పడి చినిగింది, వేళ్ళు పోవలసింది తప్పిపోయింది. ఆయన చెవిటితనం వల్ల అయిందని సావుకారు గారికి చెప్పింది నేను. అది అబద్ధం. బండి స్టార్టు చేసేముందు నేను ఎదుట నిలబడి ఆయన ముఖం చూసి చెప్పాల్సింది. పక్కవాడితో ముచ్చట్లు పెడుతూ, అటు తిరిగే "స్టార్టు చేస్తున్న" అని హ్యాండిల్ తిప్పాను. చెవులున్నవాడైనా ఆ రొదలో వినడు. నా ఉద్యోగం పోతుందేమోనని నోరు మూసుకున్నాను. ఆయనకు ఈ సంగతి తెలుసు. తెలిసీ నా పేరు చెప్పలేదు.

చెవులు లేకుంటే ఇంజను రోగం ఎట్లా తెలుస్తుందని అడుగుతున్నారు. కిందటి నెల నాకు, మీకు, ఎవరికీ వినబడని చప్పుడును ఆయన ఇనుపకడ్డీ ఒక కొన బ్లాకుకు ఆనించి, రెండో కొన పళ్ళతో కరిచి పట్టుకుని, ఆ అదురును బట్టి కనిపెట్టాడు. "మూడో సిలిండరు కాడ బోల్టు వదులైంది" అన్నాడు. చూస్తే అదే. ఆ హెడ్డును, ఆ బ్లాకును కలిపి ఉంచే గుట్టు ఆయన చేతులకే తెలుసు, వేరేవాడికి అప్పగిస్తే మళ్ళీ మీరంతా దిగి నెట్టాలి.

సావుకారు గారూ, ఒక కట్టుబాటు పెడదాం. మేస్త్రి బండి మీద పని చేస్తున్నంతసేపు స్టార్టు చేసే హ్యాండిల్ ఆయన దగ్గరే ఉండాలి. ఆయన తన చేత్తో ఇస్తే తప్ప ఎవరూ బండి ముట్టొద్దు. నా తప్పుకు నన్ను ఇంటికి పంపండి, ఆయనను పంపకండి.

(సావుకారు గారు లేచి, "నువ్వు పోతే బండెవడు తోలుతడు? ఇద్దరుండుండ్రి" అన్నారు. చప్పట్లు.)

వదినా, ఆయనకు చెప్పు. చెవిలో కాదు, చేతులతో చెప్పు.

(అలివేలమ్మ సైగలు చేసింది. అనంతయ్య కాసేపు ఆమెను, తర్వాత సావుకారును చూసి, మెడలోని దండ తీసి కుర్చీ మీద పెట్టి, "మరి నా పానాలు, సుత్తెలన్నీ పొద్దుగాల్నే అప్పజెప్పిస్తిరి గద. ఏడ వెట్టిండ్రు?" అన్నాడు.)

విన్నారు గదా. ఇంత ఓపికగా కూర్చున్న మీకందరికీ, మంచి మనసు చేసుకున్న సావుకారు గారికి, గడియారం జేబులో పెట్టుకున్న పంతులు గారికి నా దండాలు. పానాలు వెతికి ఇచ్చే పని నాది, మేస్త్రి అప్పుడే షెడ్డు వైపు నడుస్తున్నాడు. సెలవు.